గాలివానకు ముందు కట్టుకొనవలసిన మూట

వాన రాకడయు, ప్రాణము పోకడయు నెవ్వరెఱుంగుదురని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఈ సామెతలో మొదటి సగము నేడు పాతబడినది. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదన్న వార్త, అది తీరమును దాకుటకు రెండు మూడు దినములు ముందుగనే పల్లెపల్లెకును చేరుచున్నది. సముద్రముపై మేఘములు సుడి తిరుగుటను ఉపగ్రహములు కనిపెట్టుచున్నవి. తీరమునందలి రాడారులు దాని నడకను గంటగంటకును కొలుచుచున్నవి. అయినను ప్రతి గాలివానయందును కొన్ని కుటుంబములు నీటిలో చిక్కుకొనుచునే యున్నవి. వార్త అందకపోవుటచేత గాదు; వార్త విన్నను ఇల్లు కదలుటకు సిద్ధముగా లేకపోవుటచేత.

ఇట్లేల జరుగుచున్నదని విచారించినచో సమాధానము మన గడపలోననే దొరకును. "గొడ్లనేమి చేయుదుము? పాసుపుస్తకము లెచ్చట నున్నవో వెదకవలెను. ముసలితల్లికి మందులు నిండుకొన్నవి. అచ్చట పిల్లలకు తిండి పెట్టువారెవరు?" అని ఇంటివారు తర్జనభర్జన చేయుచుండగనే రెండు గంటలు గడచిపోవును. ఆ రెండు గంటలలో ఊరిబాట మునిగిపోవును. కావున మేము ఈ వ్యాసమునందు సభ్యులకు ముఖ్యముగా మనవి చేయదలచినది ఒక్క మాటయే. గాలివానకై కట్టుకొను మూట ఇంటిలో పట్టుదలతో కూర్చుండుటకు గాదు, వేళకు ఇల్లు కదలుటకు.

గతము నేర్పిన పాఠము

కృష్ణా మండలపు తీరమునకు ఉప్పెన క్రొత్తది గాదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుపై విఱుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. నూటపదుమూడేండ్లకు, 1977 నవంబరు 19వ తేదిని, దివిసీమను మఱియొక ఉప్పెన ముంచెత్తినది. పదునైదడుగులకు మించిన కెరటము ఊళ్లపైబడి హంసలదీవి, పాలకాయతిప్ప మొదలగు తీరగ్రామములను ఊడ్చివేసినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. గొడ్లు కట్టుకొయ్యలవద్దనే చచ్చినవి. బావులు ఉప్పునీటితో నిండినవి.

ఆ పిదప పదుమూడేండ్లలోపున, 1990 మే 9వ తేదిని, దానికేమాత్రము తీసిపోని గాలివాన అదే తీరమును దాకినది. కాని ఈ మాఱు హెచ్చరిక ముందుగా వచ్చినది. తుఫాను ఆశ్రయభవనములు కొన్నిచోట్ల కట్టబడి యుండెను. లక్షయేబదివేలకు పైబడిన జనము ముందుగనే సురక్షిత స్థలములకు తరలింపబడిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. ఆ ప్రాణములును విలువ గలవియే. అయినను పదివేలకును వేయికిని గల భేదము గాలి బలములోనిది గాదు, జనము కదలుటలోనిది.

మన పొరుగున ఓడ్ర దేశమునందును ఇట్లే జరిగినది. 1999 అక్టోబరు నెలాఖరునాటి మహాతుఫానులో అచ్చట సుమారు పదివేలమంది మడిసిరి. 2013 అక్టోబరు 12వ తేదిని ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటునాటికి లక్షలాదిజనము ఇండ్లు విడిచి యుండుటచేత మృతులు పదులలోననే తేలిరి. ఇంతకన్న మనకు వేఱు నిదర్శనమేల?

మూట యెట్లుండవలెను

పలువురు మూటయనగానే ఇల్లంతయు అందులో దూర్చదలంతురు. అట్టిమూట మోయరానిదై, కడపట ఇంటిలోననే ఉండిపోవును. కావలసిన వస్తువులను రెండు విధములుగ విభజించుకొనవలెను. ఒకటి, భుజమునకు తగిలించుకొని పోవలసిన మూట. రెండవది, నీరు దిగిన పిదప మరలివచ్చి వాడుకొనుటకు అటకమీద భద్రపఱచు నిలువ. మొదటిదానిని ఇంటిలోని ఒక పెద్ద పిల్లవాడు మోయగలుగవలెను. రెండవదానికై ఎవరును వెనుకకు పోరాదు.

మూటకు పిల్లలు బడికి తీసికొనిపోవు భుజసంచి చాలును. దానిలోపల దళసరి ప్లాస్టిక్ సంచి నొకదానిని పెట్టి, వస్తువులను అందులోనుంచి మూతి బిగించినచో వాన తగులదు. సంచి తలుపు చెంత, అందఱకు తెలిసిన మేకునకు వ్రేలాడుచుండవలెను. బీరువాపై దాచినది చీకటిలో దొరకదు.

టార్చిలైటు, విడిగా ఉంచిన బ్యాటరీలు, అగ్గిపెట్టె, క్రొవ్వొత్తులు, చిన్న రేడియో, సెల్ఫోనునకు పవర్ బ్యాంకు, ఈల, చాకు, ఒక్కొక్కరికి ఒక జత పొడిబట్టలు, ఒక దుప్పటి, సబ్బు, స్త్రీలకు వలయు శుభ్రమైన గుడ్డలు: ఇవి యెల్లరకు తెలిసినవే. చెప్పులు మాత్రము మఱువరాదు. గాలివాన వెలిసిన మఱునాడు ఊరంతయు మేకులు, గాజుపెంకులు, రేకు ముక్కలుగ నుండును.

రొక్కమును చిన్ననోట్లుగ కొంత మూటలో నుంచుకొనవలెను. 2014 అక్టోబరు 12వ తేదిని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును దాకినపుడు కరెంటు స్తంభములును సెల్ఫోను టవరులును కూలిపోయి, బ్యాంకులో ధనమున్నవాడును పాలపొట్లము కొనలేక తిరిగెను. నేడు కూరగాయల దుకాణమునందు సయితము ఫోనుద్వారా చెల్లించుట అలవాటై యున్నది గనుక ఈ జాగ్రత్త మఱింత అవసరము.

కాగితములు

మూటలోని వస్తువు లన్నింటిలో తేలికయైనదియు, పోయినచో తిరిగి సంపాదించుటకు మిక్కిలి కష్టమైనదియు కాగితమే. బియ్యము తడిసిన బియ్యమే పోవును. పట్టాదారు పాసుపుస్తకము కొట్టుకొనిపోయినచో రైతు నెలలతరబడి కచ్చేరీలచుట్టు తిరుగవలసివచ్చును. అదియుగాక పంటనష్టపు సహాయము వచ్చు సమయముననే ఆ కాగితములతో పని పడును.

ఆధార్ కార్డు, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, సంఘము వాటా రసీదు, పంటఋణపు చీటి, బీమా రసీదు, పిల్లల చదువు పత్రములు - వీనిని ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును మఱియొక కవరులోనుంచి మూటలో వేసికొనవలెను. జెరాక్సు ప్రతులను మెరక ఊరిలోని చుట్టములవద్ద నుంచవలెను. సెల్ఫోనుతో ఫోటోలు తీసి దూరముననున్న కుమారునకో కుమార్తెకో పంపి యుంచుటయు మంచిది. ముఖ్యమైన ఫోనునంబరులను కాగితముమీద వ్రాసికొనవలెను. ఫోను ఆరిపోయిన పిదప అందులోని నంబరు ఎవరికిని గుర్తుండదు.

కౌలుదారులకు ప్రత్యేకముగా ఒక మాట. పంట వేసినది తామైనను, పుస్తకములో పేరు భూస్వామిది. ఆంధ్రప్రదేశమునందు 2019నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలలకు చెల్లు పత్రమును పొందు అవకాశము కౌలుదారునకు కలదు. ఆ పత్రమును, ఈ-పంట నమోదు రసీదును వానకాలపు ఆరంభముననే సంపాదించి మూటలో వేసికొనవలెను. తుఫాను వెలిసిన పిదప లెక్క వ్రాయువారు వచ్చునపుడు కౌలుదారుని నోటిమాటకన్న ఈ రెండు కాగితములును గట్టిగా పలుకును.

నీరును తిండియు

వరద నడుమ నుండి దాహముతో బాధపడుట వింతగ తోచును. కాని ఇది యథార్థము. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పెక్కు పేటలు మునిగినపుడు, అంత పట్టణమునందును జనులు మేడలమీద దినములతరబడి త్రాగునీటికి ఎదురుచూచిరి. పట్టణమునకే ఆ గతి పట్టినచో, కాలువ కావలనున్న పల్లెకు పడవ యెన్నడు చేరును? మొదటి మూడు దినములు ఎవరి యిల్లు వారిని కాపాడుకొనవలెనని తలంచి లెక్కవేసికొనుట క్షేమము.

త్రాగుటకును వంటకును మనిషికి రోజునకు 4 లీటరుల నీరు కావలెను. అయిదుగురు గల ఇంటికి మూడు దినములకు 60 లీటరులు, అనగా ఇరువది లీటరుల డబ్బాలు మూడు. వీనిని తుఫాను వార్త వినగానే నింపి, మూత బిగించి, ఎత్తైనచోట పెట్టవలెను. మూటలో మనిషికొక సీసా చాలును. ఉప్పెనగాని వరదగాని ముంచిన బావినీటిని, బోరునీటిని శుభ్రపఱచువఱకు త్రాగరాదు. తేటనీటిని తెర్లకాచి త్రాగవలెను. కట్టెలు తడిసి కాచుటకు వీలుగానిచో క్లోరిను బిళ్లలను పొట్లముపై వ్రాసిన మోతాదున వేసి అరగంట ఆగవలెను.

తిండి విషయమున మన ఇల్లాండ్రకు క్రొత్తగా నేర్పవలసినది లేదు. పొయ్యి వెలిగింపకయే తినదగినవి మన పల్లెలలో ఏనాటినుండియో కలవు. అయిదుగురికి మూడు దినములకు అటుకులు 3 కిలోలు, పుట్నాలపప్పు 2 కిలోలు, వేయించిన వేరుసెనగపప్పు 1 కిలో, బెల్లము కిలోన్నర ఉన్నచో ఆకలి తీరుటయేగాక బలమును నిలుచును. మొత్తము ఏడున్నర కిలోలు. అటుకులు నీటిలో నానినంతనే ముసలివారికిని పిల్లలకును మెత్తని ఆహారమగును. వీనిని మూత బిగువైన డబ్బాలలో పోసి, మూడు నెలల కొకమాఱు ఇంటిలో వాడుకొని క్రొత్తవానిని నింపవలెను. పసిబిడ్డకు తల్లిపాలే ఉత్తమము. అట్టి తల్లికి నీరును తిండియు ముందుగా పెట్టవలెను.

మందులు

రక్తపుపోటునకు, మధుమేహమునకు దినదినము వాడు మందులు వారమునకు సరిపడునన్ని మూటలో నుండవలెను. ఇన్సులిన్ వాడువారు దానిని నీరు చొరని కవరులోనుంచి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచినచో కరెంటు లేనినాడును చల్లగనుండును. గాయములకు దూది, కట్టుగుడ్డ, మందునీరు, విరేచనములకు ఓ.ఆర్.ఎస్. పొట్లములు అవసరము. పొట్లము లేనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగ త్రాగింపవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను, ఉప్పు మించరాదు.

నీరు పెరిగినపుడు పాములును మెరక వెదకుకొనుచు ఇండ్లలోనికి వచ్చును. టార్చిలైటును చేతికఱ్ఱయు లేక చీకటిలో అడుగు పెట్టరాదు. కఱచినచో కోయుట, పీల్చుట, తాడుతో బిగించి కట్టుట ఈ మూడును హానికరములే. కఱచిన అవయవమును కదలనీయక, రోగికి ధైర్యము చెప్పి, విషహరమైన సూదిమందు గల ఆసుపత్రికి చేర్పవలెను. నెలలు నిండవచ్చిన గర్భిణిని హెచ్చరిక వినినదినముననే ఆసుపత్రిగల ఊరికి పంపుట మంచిది.

పశువులు

రైతు ఇల్లు విడువకుండుటకు సగము కారణము పశువే. దానిని తప్పుపట్టుటకు వీలులేదు. పాడిగేదె ఆ ఇంటికి నెలజీతము. కాని పలుపుతో కట్టివేసిన గేదెను యజమాని చెంత నిలిచియుండి రక్షింపలేడు. విడిచినచో అది తనంతట తాను ఈదుకొని మెరక చేరును. దివిసీమలో కట్టుకొయ్యలకు కట్టియుండి చచ్చిన గొడ్లు మనకు నేర్పిన పాఠమిదియే.

ముందురోజుననే గొడ్లను మెరకకు తోలుకొనిపోవుట మేలు. అది సాధ్యము గానిచో ఇల్లు విడుచునపుడు పలుపులు విప్పి, కొట్టము తలుపు తెఱచి పోవలెను. పశువు చెవికున్న బిళ్ల నంబరును, బీమా కాగితమును, పశువును చూపు ఫోటోను ఆ కాగితముల కవరులోనే ఉంచవలెను. తరువాత పశువు దొరకినను, దొరకకున్నను అవే ఆధారము. పెద్దపశువునకు రోజునకు ఆఱేడు కిలోల ఎండుగడ్డి వలయును గనుక, మూడు దినముల మేతను మెరకమీద టార్పాలిన్ బరకము క్రింద ముందుగ చేర్చుకొనవలెను. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందుగనే వేయింపవలెను. వరద వెనుకనే రోగములు వచ్చును.

పొలమునకు వలయునవి

ఆశ్వయుజ కార్తికములలో గాలివాన వచ్చునప్పటికి సార్వా వరి కొన్నిచోట్ల ఈని యుండును, కొన్నిచోట్ల కోసి పనలమీద నుండును. వార్త వినగానే కోత ఆపుట, కోసినదానిని వీలైనంత త్వరగా కుప్పవేసి బరకము కప్పి మోకులతో బిగించుట మన రైతు లెఱిగినదే. ఐనను ఒకటి రెండు వస్తువులను ముందుగ ఇంటిలో నుంచుకొనవలెనని మా మనవి.

మొదటిది రాళ్లఉప్పు. తడిసిన పనలమీద గింజ మొలకెత్తకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి పిచికారి చేయవలెనని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 200 లీటరుల నీటికి 10 కిలోల ఉప్పు. గాలివాన మఱునాడు దుకాణములు తెఱచియుండవు గనుక ఒక చిన్నబస్తాను అటకమీద ఉంచుట లాభము. రెండవది, దాళ్వాకు దాచిన విత్తనము. దానిని మూత బిగువైన డబ్బాలోపోసి ఎత్తున ఉంచవలెను. మూడవది, గొడ్డలి, పార, మోకు. కూలిన చెట్టును తొలగించినగాని బండియు రాదు, డాక్టరును రాడు. కూలిన కరెంటు తీగ చెంతకు మాత్రము ఎవరును పోరాదు.

ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలునందున్న చోట్ల చేరిన రైతు, కోసి పొలమున ఆఱవేసిన పైరు కోతనాటినుండి 14 దినములలోపున తుఫానువానకు చెడినచో, 72 గంటలలోగా బీమావారికిగాని, బ్యాంకునకుగాని, వ్యవసాయాధికారికిగాని తెలుపవలెను. కోసిన తేదిని ఒక చీటిపై వ్రాసి బీమా రసీదుతో కలిపి యుంచినచో ఆ 72 గంటలు వెదకులాటలో పోవు.

హెచ్చరిక వచ్చిన పిదప

వాతావరణశాఖవారు తీరమున ఉపద్రవము మొదలగుటకు 48 గంటల ముందు ఒక మాఱును, 24 గంటల ముందు మఱింత గట్టిగా మఱియొక మాఱును హెచ్చరింతురు. మొదటి హెచ్చరికకు నీరు నింపుట, గొడ్లను తోలుట, ఫోనులు నింపుట, మేతయు విత్తనమును మెరక చేర్చుట. రెండవదానికి మూట భుజమునకెత్తి, గ్యాసుబండను, కరెంటును కట్టివేసి, ఆశ్రయభవనమునకు పోవుట. పోవునపుడు చిన్నపిల్లల జేబులో పేరు, ఊరు, ఫోనునంబరు గల చీటిని కుట్టవలెను. అత్యవసరమునకు 112, వైద్యమునకు 108 నంబరులు అందఱకు నోటికి వచ్చియుండవలెను.

ఒక విషయము పదేపదే చెప్పదగినది. గాలి హోరున వీచుచుండి ఒక్కపెట్టున నిలిచి, ఆకాశము తేటపడినచో గండము గడచినదని బయటికి రారాదు. గాలివాన కన్ను మనపైనుండి దాటుచున్నదని దాని భావము. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి అంతే బలముతో తిరిగివీచును. ఇల్లు చూచివత్తమని ఆ వేళ బయలుదేరుట ప్రాణాపాయము. రేడియోలోగాని, అధికారులుగాని చెప్పువఱకు ఉన్నచోటనే ఉండవలెను.

సంఘములు చేయదగినది

ఒక్కొక్క రైతు వేఱువేఱుగ కొనుటకన్న సంఘము ద్వారా కలిసి కొన్నచో టార్పాలిన్ బరకములు, మోకులు, నీటిడబ్బాలు, క్లోరిను బిళ్లలు చౌకగ దొరకును. సభ్యుల కాగితముల ప్రతులను తడువని బీరువాలో భద్రపఱచుటయు, మోయలేని ముసలివారు, ఒంటరి స్త్రీలు ఏయే ఇండ్లలో నున్నారో పట్టిక వ్రాసి, ఒక్కొక్క ఇంటికి ఇద్దరేసి యువకులను నియమించుటయు సంఘమునకు కష్టమైన పని గాదు. పరస్పర సహాయమే గదా సహకారము!

మన తీరమునకు వైశాఖమునందును గాలివానలు కలవు. 1990 మేనాటిదియు, 2010 మే నెలలో బాపట్లవద్ద దాటిన లైలాయు అట్టివే. కావున మూటను ఏటేట రెండుమాఱులు విప్పి చూడవలెను. ఉగాదికొకమాఱు, వినాయకచవితికొకమాఱు అని పెట్టుకొన్నచో మఱపురాదు. తిండి మార్చుట, మందులపై తేదీలు చూచుట, బ్యాటరీలు పరీక్షించుట ఆనాటి పని.

ఆ దినముననే ఇంకొకటి చేయుడని కోరుచున్నాము. ఇంటిల్లిపాదియు మూట తీసికొని, పెద్దవారిని పట్టుకొని, పలుపులు విప్పి, గడప దాటి ఊరి మెరకకు నడచి చూడుడు. గడియారము చూచుకొనుడు. ఇల్లు దాటుటకు పావుగంటకు మించినచో ఎచ్చట ఆలస్యమైనదో ఆ సాయంకాలమే సరిదిద్దుకొనుడు. గాలిలేని దినమున తెలిసిన లోపమునకు ఖర్చు తక్కువ.